డెల్టా నుంచి హైదరాబాద్ నాటకాలకు: వెతకడం, ఎంచుకోవడం, చూసి రావడం

హైదరాబాద్‌లో నాటకం సినిమాలాగా వారాల తరబడి ఆడదు. నెలల తరబడి రిహార్సల్స్ చేసిన నాటకమైనా చాలాసార్లు ఒక్క సాయంత్రం, మహా అయితే శని, ఆదివారాలు రెండూ ఆడి తెర దించుకుంటుంది. తరువాతి ప్రదర్శన ఎప్పుడో, ఏ మందిరంలోనో ఆడుతున్న నాటక సమాజం (బృందం) వారే చెప్పలేని సందర్భాలు ఎక్కువ. అందువల్ల రాజమండ్రిలోనో భీమవరంలోనో అమలాపురంలోనో ఉండి, ఫలానా నాటకం బాగుందని విని, తీరిక చూసుకుని వెళ్దామనుకునేవారికి ఆ తీరిక దొరికేసరికి నాటకం ఉండదు. నాటకం పేరు పట్టుకుని వెతకడం మాని, ఏ మందిరాలలో ఏ తరహా నాటకాలు ఆడతాయో, ఏ సమాజం ఎలాంటి నాటకం వేస్తుందో ముందు తెలుసుకుని, మనకు ఖాళీ ఉన్న వారాంతంలో అక్కడ ఏమున్నదో చూసుకోవడమే పనికివచ్చే పద్ధతి.

దేనికోసం అంత దూరం వెళ్ళాలి

గోదావరి డెల్టా వారికి నాటకాన్ని ఎవరూ కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. కందుకూరి వీరేశలింగం 1880లో రాజమండ్రిలో తన విద్యార్థులతో ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 16నే ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు. పాండవోద్యోగ విజయాలు నాటకాలు రాసిన తిరుపతి వేంకట కవులలో దివాకర్ల వారిది భీమవరం దగ్గరి యండగండి అయితే, చెళ్ళపిళ్ళ వారిది కడియం. ‘చింతామణి’, ‘వరవిక్రయం’ రాసిన కాళ్ళకూరి నారాయణరావుది మత్స్యపురి. ఎస్.వి.రంగారావు, అంజలీదేవి సినిమాలకు వెళ్ళకముందు కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాలలో వేషాలు వేసినవారే. తీర్థాలలో, అమ్మవారి జాతరలలో తెల్లవారేదాకా సాగే కృష్ణరాయబారం, సత్యహరిశ్చంద్ర నేటికీ మన ఊళ్ళలో వినబడుతున్నాయి. పాలకొల్లు, వీరవాసరం, భీమవరం, తాడేపల్లిగూడెం వంటి చోట్ల పరిషత్తు పోటీలు (నాటక పోటీలు నడిపే సంస్థలే పరిషత్తులు) జరిగే రోజులలో రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన నాటికలను, అంటే చిన్న నాటకాలను, ఒకే ప్రాంగణంలో, పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు.

ఈ సంగతులు చెప్పడం ఊరి గొప్ప కోసం కాదు. పద్యనాటకం కోసమూ, పరిషత్తు నాటిక కోసమూ హైదరాబాద్ ప్రయాణం పెట్టుకోవద్దని చెప్పడానికి. అక్కడ రవీంద్రభారతిలో ఆడే పరిషత్తు నాటికలలో చాలా భాగం మన వైపుకూ వచ్చేవే. ఆ సమాజాలలో కొన్ని మన జిల్లాలవే. పద్యనాటకమైతే, పద్యం ఎత్తుగడలోనే చప్పట్లు కొట్టే ప్రేక్షకుల మధ్య మన దగ్గర చూడడమే మేలు. నగరానికి వెళ్ళవలసింది మన దగ్గరకు రాని నాటకం కోసం, లేదా వచ్చినా పూర్తి హంగులతో రాలేని నాటకం కోసం.

అలాంటివాటిలో మొదటిది సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ‘కీచకవధ’తో మొదలైన ఈ కుటుంబ నాటక సంప్రదాయంలో తాత నుంచి మనవరాలి వరకు అందరూ నటులే, అందరూ రంగస్థలం వెనుక పనివారే, మగవారు ఆడవేషాలు వేసే రోజులలోనే స్త్రీ పాత్రలను ఇంటి ఆడవారిచేత వేయించిన ఘనత వారిది. ఊరూరా డేరాలు వేసి ఆడినంతకాలం డెల్టా పట్టణాలకూ సురభి వచ్చేది, పెద్దవారిని అడిగితే చెబుతారు. ఇప్పుడు ఆ కుటుంబాలలో చాలా భాగం హైదరాబాద్ శివార్లలోని లింగంపల్లి వద్ద సురభి కాలనీలో స్థిరపడ్డాయి. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోటిలోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళ్ళడం, ‘పాతాళభైరవి’లో రాక్షస మాయలు, వేదిక మీదే కురిసే వాన, రేగే మంట, గాలిలో ఢీకొనే బాణాలు, రెప్పపాటులో మారిపోయే రంగుల తెరలు అన్నీ తీగలు, కప్పీలు, మనుషుల చేతివాటంతో జరిగేవే. ఇంత సరంజామా బయట ఊళ్ళకు తరలించడం ఖర్చుతో కూడిన పని కనుక బయటి ప్రదర్శనలలో కొన్ని మాయలు తగ్గుతాయి. పిల్లలతో వెళ్ళేవారు మొదటి ప్రయాణానికి సురభినే ఎంచుకోవాలని నా అభిప్రాయం. వీరిని పౌరాణికాలకే పరిమితం చేసి చూడడమూ సరి కాదు. కన్నడ దర్శకుడు బి.వి.కారంత్ 1990లలో వీరితో పనిచేసి ‘బస్తీ దేవత యాదమ్మ’ వంటి కొత్త తరహా నాటకాలు కూడా చేయించారు.

రెండవది హైదరాబాద్ నగరానికే చెందిన హిందీ, ఉర్దూ, దక్కనీ (హైదరాబాద్ వైపు మాట్లాడే ఉర్దూ యాస), ఇంగ్లీషు నాటకం. సూత్రధార్, సమాహార, నిశుంబిత వంటి బృందాలు అక్కడ ఎప్పటినుంచో పనిచేస్తున్నాయి. దర్శకుడు ఖాదిర్ అలీ బేగ్ పేరిట ఏటా జరిగే నాటకోత్సవానికి ముంబయి, ఢిల్లీల నుంచి పేరున్న నటులు వస్తారు. అది సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల ప్రాంతంలో ఉంటుంది. సార్వా (ఖరీఫ్ వరి) కోతలకు ముందు కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి దొరికే వ్యవసాయదారులకు ఆ నెలల తొలి రోజులు అనుకూలమే. ఉర్దూ రాదని వెనుకాడనక్కరలేదు, హిందీ సినిమా అర్థమైనవారికి దక్కనీ నాటకం అర్థమవుతుంది. కానీ కవిత్వం పాలు ఎక్కువగా ఉన్న శుద్ధ ఉర్దూ నాటకాన్ని మొదటిసారికే ఎంచుకోకపోవడం మంచిది.

మూడవది, పోటీల కోసం కాక నాటకం కోసమే వేసే తెలుగు నాటకం. పరిషత్తు నాటికకు గంట గడువు, బహుమతుల లెక్క, న్యాయనిర్ణేతల అభిరుచి అనే మూడు హద్దులు ఉంటాయి. వాటిని దాటి రెండు గంటలపాటు ఒక కథను నిదానంగా చెప్పే ప్రదర్శనలు రసరంజని వంటి సంస్థల నిర్వహణలోనూ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం రంగస్థల కళల శాఖ విద్యార్థుల ప్రదర్శనలలోనూ దొరుకుతాయి. విద్యార్థుల ప్రదర్శనలకు ప్రచారం తక్కువ, నాణ్యత ఒకే తీరుగా ఉండదు. అయినా వెతికి చూడదగ్గవి అవే.

ఈ వారం ఏమున్నదో తెలుసుకోవడం

హైదరాబాద్ నాటకానికి ఒకదానితో ఒకటి మాట్లాడుకోని రెండు లోకాలున్నాయి. టికెట్టు పెట్టి ఆడే ఇంగ్లీషు, హిందీ నాటకాలు, అప్పుడప్పుడు సురభి ప్రదర్శనలు బుక్‌మైషోలో కనబడతాయి. ఉచితంగా ఆడే తెలుగు నాటకాలు అక్కడ కనబడవు. అవి దినపత్రికల హైదరాబాద్ సంచికలో ‘నగరంలో నేడు’ వంటి శీర్షిక కింద రెండు వరుసలలో ఉంటాయి. ఏదో ఒకటే చూసి, ఈ వారం నాటకాలేమీ లేవనుకునేవారు చాలామంది.

బుక్‌మైషోలో ముందు నగరాన్ని హైదరాబాద్‌గా మార్చుకుని, సినిమాలు కాక నాటకాల విభాగంలోకి వెళ్ళి, తేదీని, భాషను ఎంచుకోవాలి. ఆ విభాగంలోనే స్టాండప్ కామెడీ, ఇంద్రజాలం కూడా కలిసిపోతుంటాయి కనుక వివరణ పూర్తిగా చదివిన తరువాతనే డబ్బు కట్టాలి. నిడివి, భాష, పిల్లలకు ప్రవేశం ఉన్నదీ లేనిదీ అక్కడే రాస్తారు. దినపత్రికల విషయంలో మన ఇంటికి వచ్చే గోదావరి జిల్లాల సంచిక పనికిరాదు. ఆ పత్రికల ఈ-పేపర్‌లో ప్రాంతాన్ని హైదరాబాద్‌గా మార్చుకుని నగర సంచికను తెరవాలి. అయితే ఈ శీర్షిక ఆ రోజు కార్యక్రమాలనే చెబుతుంది కనుక, మనం రాత్రి బండి ఎక్కే నాటికి అది అందదు. దాని అసలు ప్రయోజనం వేరు: ఒక నెలపాటు రోజూ చూస్తే ఏ సంస్థ ఏ వారం, ఏ మందిరంలో కార్యక్రమాలు పెడుతున్నదో ఒక చిత్రం ఏర్పడుతుంది. అప్పుడు ఆ సంస్థల ఫేస్‌బుక్ పేజీలను అనుసరించి, వీలైతే వారి వాట్సాప్ సమూహంలో చేర్చమని అడగాలి. తెలుగు నాటక సమాజాల వారు ప్రేక్షకుడు అడిగితే సంతోషంగా చేర్చుకుంటారు, వచ్చేవారు తక్కువ కనుక.

మందిరాలలో మొదట గుర్తుంచుకోవలసింది సైఫాబాద్‌లోని రవీంద్రభారతి. టాగోర్ శతజయంతి సందర్భంగా 1961లో ప్రారంభమైన ఈ భవనంలో పెద్ద మందిరంతోపాటు మినీ హాలు కూడా ఉంది. ఆహ్వానంలో ఏది రాశారో చూసుకోకపోతే ఒకదానిలో నృత్య ప్రదర్శన చూస్తూ కూర్చుని మరొకదానిలో జరుగుతున్న నాటకాన్ని పోగొట్టుకోవచ్చు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో తెలుగు సాంస్కృతిక సంస్థల కార్యక్రమాలు తరచుగా జరుగుతుంటాయి, వాటిలో నాటికలూ ఉంటాయి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సామాజిక, రాజకీయ స్పృహ ఉన్న ప్రదర్శనలు ఎక్కువ. బంజారాహిల్స్‌లోని లామకాన్ 2010లో తెరిచిన బహిరంగ వేదిక. అక్కడ టికెట్టు ఉన్నా కొద్ది వందల రూపాయలే ఉంటుంది, కొన్నిసార్లు అసలుండదు, చాయ్, సమోసా ఆవరణలోనే దొరుకుతాయి, తెలుగు, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు నాలుగు భాషలలోనూ నాటకాలు పడతాయి. వారి వెబ్‌సైటులో రానున్న కార్యక్రమాల పట్టిక ఉంటుంది కనుక దూరం నుంచి వచ్చేవారికి అదే అన్నిటికన్నా అనువైనది. గచ్చిబౌలిలోని రంగభూమి స్పేసెస్ చిన్న ప్రేక్షక వర్గానికి నాటకాలు ఆడించే చోటు. మాదాపూర్ శిల్పకళావేదికకు వచ్చేవి ఎక్కువగా బయటి నగరాల భారీ ప్రదర్శనలు, ధరలూ అలాగే ఉంటాయి.

ఆహ్వానాన్ని చదివే పద్ధతి

తెలుగు నాటకానికి ఆహ్వానపత్రికే టికెట్టు, కరపత్రం, కార్యక్రమ సూచిక. ‘అందరూ ఆహ్వానితులే’ అని రాస్తే ప్రవేశం ఉచితమని అర్థం. సమాజం పేరు, రచయిత పేరు, దర్శకుడి పేరు ఎక్కడున్నాయో చూడాలి. అవి చివరి మూలలో చిన్న అక్షరాలలో ఉండి, పైన సగం పేజీ సన్మానాల వివరాలతో నిండి ఉంటే, ఆ సాయంత్రం నాటకం ముఖ్యం కాదని గ్రహించాలి.

సమయం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సాయంత్రం ఆరు గంటలకు అని రాసి, కింద సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అని వరుసగా పేర్లున్నప్పుడు, ఆ ఆరు గంటలు జ్యోతి ప్రజ్వలనకు చెప్పిన సమయమే గాని తెర లేచే సమయం కాదు. మనిషికి పది నిమిషాల చొప్పున లెక్కవేసుకుంటే పెద్దగా తేడా రాదు. రవీంద్రభారతిలో ఎనిమిదింటికి తెర లేచి పది దాటాక నాటకం ముగియడం అరుదు కాదు. దీనికి పూర్తి విరుద్ధంగా లామకాన్‌లోనూ, టికెట్టు నాటకాలలోనూ చెప్పిన సమయానికే మొదలుపెడతారు, ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి పంపకపోవచ్చు. రెండు లోకాలకూ వేరువేరు గడియారాలున్నాయని తెలియక ఒకచోట రెండు గంటలు విసిగిపోయినవారు, మరొకచోట గుమ్మం దగ్గరే ఆగిపోయినవారు మన వైపు నుంచి వెళ్ళిన వారిలో చాలామంది ఉంటారు.

ప్రయాణం

ఈ గడియారాన్ని బట్టే తిరుగు ప్రయాణం నిర్ణయించుకోవాలి. నాటకం చూసిన రాత్రే రైలు ఎక్కుదామనుకోవడం తెలుగు నాటకాల విషయంలో సాహసమే అవుతుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రమే వెళ్ళిపోతుంది, తక్కిన రాత్రి బండ్లకు కూడా ఆఖరి అంకం వదులుకుని పరుగెత్తవలసి వస్తుంది. లకిడీకాపూల్ నుంచి ఆంధ్ర వైపు ప్రైవేటు బస్సులు రాత్రి పొద్దుపోయేదాకా బయలుదేరతాయి, ఆ స్టాపు రవీంద్రభారతికి దగ్గరే కనుక ఆలస్యంగా బయలుదేరే బస్సుకు టికెట్టు తీసుకోవడం, లేదా రాత్రి అక్కడే బస చేసి మరునాడు ఉదయం బయలుదేరడం మంచిది.

వెళ్ళేటప్పుడు ఇంత చిక్కు లేదు. విశాఖపట్నం నుంచి సికింద్రాబాద్ వెళ్ళే వందే భారత్‌ను ఉదయం సామర్లకోటలోనో రాజమండ్రిలోనో ఎక్కితే మధ్యాహ్నానికి చేరుతుంది, సాయంత్రం నాటకానికి తగినంత వ్యవధి ఉంటుంది. కాకినాడ, రాజమండ్రి, తాడేపల్లిగూడెం వారికి గౌతమి, నరసాపురం, పాలకొల్లు, భీమవరం వారికి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎప్పటినుంచో ఉన్న రాత్రి బండ్లు. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు కనుక కోనసీమ వారు రావులపాలెం మీదుగా వెళ్ళే రాత్రి బస్సులను చూసుకోవడమో, రాజమండ్రి చేరి బండి ఎక్కడమో చేయాలి. ఒక్క హెచ్చరిక: 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైన తరువాత కొన్ని బండ్లు అక్కడికి మారాయి. మన టికెట్టు మీద ఏ స్టేషన్ ఉన్నదో చూసుకోవాలి, చర్లపల్లిలో దిగితే నగరం నడిబొడ్డుకు చేరడానికి అదనంగా గంటకు పైగా పడుతుంది.

నగరంలో మెట్రోనే నమ్ముకోవచ్చు. రవీంద్రభారతికి అసెంబ్లీ లేదా లకిడీకాపూల్ స్టేషన్‌లో దిగి నడవాలి. త్యాగరాయ గానసభకు సికింద్రాబాద్ వెస్ట్‌లో ఎక్కితే మార్గం మారకుండా చిక్కడపల్లిలో దిగవచ్చు. లామకాన్‌కు మాత్రం ఆటో తప్పదు, ఆ సందు డ్రైవర్లకు పేరు చెబితే తెలియదు, ఫోనులో దారి చూపించాలి.

మందిరంలో

సురభి నాటకానికి మొదటి వరుస కోసం తొందరపడవద్దు. మరీ ముందు కూర్చుంటే తీగలు కనబడతాయి, పక్కల కూర్చుంటే వింగుల (వేదిక పక్క తెరల) వెనుక సిద్ధంగా నిలుచున్న మనుషులు కనబడతారు. మధ్య వరుసలలో, వేదికకు ఎదురుగా కూర్చున్నవారికే మాయ పూర్తిగా పనిచేస్తుంది. ఉచిత ప్రదర్శనలలో ముందు వరుసలు అతిథుల కోసం ఉంచుతారు, సభ ముగియగానే వారిలో సగం మంది వెళ్ళిపోతారు, అప్పుడు మర్యాదగా ముందుకు జరగవచ్చు.

పద్యానికి ‘ఒన్స్ మోర్’ కొట్టే మన అలవాటును ఇతర నాటకాలకు తీసుకుపోకూడదు. రాయబారంలో కృష్ణుడు అదే పద్యాన్ని మళ్ళీ మరో రాగంతో ఎత్తుకుంటాడు, అది ఆ కళలో భాగం. సాంఘిక నాటకంలో సంభాషణ మధ్య ఈలలు, చప్పట్లు పడితే నటుడి తరువాతి మాట మునిగిపోతుంది. ఫోను కేవలం శబ్దం ఆపితే చాలదు, చీకటి హాలులో దాని వెలుగు నాలుగు వరుసల వెనుకవారికీ కనబడుతుంది, కనుక సంచిలో పెట్టేయాలి. నెలల పసిపిల్లలతో పరిషత్తుకు వెళ్ళడం మన దగ్గర చెల్లుతుంది గాని, లామకాన్ వంటి చిన్న వేదికల దగ్గర చెల్లదు.

నాటకం అయిన తరువాత

వెంటనే బయటికి రావద్దు. తెలుగు నాటకరంగంలో ప్రేక్షకులు మేకప్ గదికి వెళ్ళి నటులను పలకరించడం ఆనవాయితీ, ఎవరూ తప్పుపట్టరు. తరువాతి ప్రదర్శన ఎక్కడ, ఈ నాటకం మన వైపు వచ్చే అవకాశం ఉన్నదా అన్న రెండు ప్రశ్నలు అడిగితే, పత్రికలలో నెల తరువాత గాని రాని సమాచారం అక్కడే దొరుకుతుంది.

ఊరి ఉత్సవ కమిటీలో ఉన్నవారు మరొక అడుగు వేయవచ్చు. నాటకం నచ్చితే దర్శకుడితోనో సమాజం నిర్వాహకుడితోనో మాట్లాడి ఫోను నంబరు తీసుకుని, ఊరికి వచ్చాక ఈ వివరాలు పంపాలి: వేదిక వెడల్పు, లోతు, పైకప్పు ఎత్తు; వింగుల కోసం రెండు పక్కలా ఎంత ఖాళీ ఉన్నది; త్రీ ఫేజ్ కరెంటు ఉన్నదా లేక జనరేటరు పెట్టాలా; మైకు సెట్టు ఎవరిది; సమీపంలోని రైల్వే స్టేషన్ నుంచి వాహనం ఎవరు ఏర్పాటు చేస్తారు. నటులకు ఇచ్చే మొత్తంలో ప్రయాణం, భోజనం, బస కలిసి ఉన్నాయో లేవో మాటల్లో కాక వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తేల్చుకోవాలి. సురభిని పిలవదలచినవారు లారీ సామాను దించి, తెరలు కట్టి, తీగలు బిగించడానికి ప్రదర్శనకు ముందు రోజే వేదికను ఖాళీ చేసి అప్పగించవలసి ఉంటుంది. గుడి ముందు పందిరి ఎత్తు చాలకపోతే హైస్కూలు మైదానం అడగాలి, దానికి హెడ్మాస్టరు గారి అనుమతి, మైకుకు పోలీసు స్టేషన్ అనుమతి ముందుగానే తీసుకోవాలి. దాళ్వా (రబీ వరి) కోతలు ముగిసి, వానలు పడకముందు ఉండే మే నెలలో తేదీ అడిగితే జనమూ వస్తారు, మైదానమూ పొడిగా ఉంటుంది; పరిషత్తులూ ఎండాకాలంలో ఎక్కువ కనుక మంచి సమాజాల తేదీలు త్వరగా నిండిపోతాయి, సంక్రాంతి దాటగానే అడ్వాన్సు ఇచ్చి ఖాయం చేసుకోవాలి.